అడుగుకు పావు అంగుళం

తార్నాకలో ఇన్నయ్య సారును ఎరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఆయన పగటిపూట కన్ను మూయగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎండాకాలం మధ్యాహ్నాలు యూనివర్సిటీ యావత్తూ చెట్ల కిందా లైబ్రరీ బల్లల మీదా కునికిపాట్లు పడుతుంటే, ఈయన చేతులు వెనక్కి కట్టుకుని భూగోళశాస్త్ర శాఖ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఉండేవాడు. పాఠం మధ్యలో ఎవరైనా కుర్రాడు కళ్ళు వాల్చాడంటే తిట్టేవాడు కాదు. దగ్గరికి వెళ్ళి, "లేచి మొహం కడుక్కొని రా బిడ్డా, పో" అనేవాడు. ఆ మాటలో కోపం కంటే బెదురే ఎక్కువ ఉండేదని పిల్లలు చెప్పుకునేవారు. బెదురు దేనికో వాళ్ళకు తెలియదు.

ఆయన ఆ శాఖలో కాంట్రాక్టు లెక్చరరు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు, ముగ్గుబుట్టయ్యాక కూడా కాంట్రాక్టే. పర్మినెంటు చేస్తారన్న మాట ప్రతి ఎన్నికలకు ముందూ పుట్టేది, ఆ వేడి చల్లారగానే చచ్చేది. ఆయనతో చేరినవాళ్ళలో కొందరు వేరే దారి చూసుకున్నారు, కొందరు ధర్నాల్లోనే ముసలివాళ్ళయ్యారు. ఇన్నయ్య ఎక్కడికీ పోలేదు. మ్యాపులు గీయడం, కొలతలు తగ్గించడం ఆయన చెప్పే పాఠం. ఎంత పెద్దదాన్నైనా ఎంత చిన్నగానైనా చేయవచ్చు, కానీ అన్నిటినీ ఒకే పాళ్ళలో తగ్గించాలి, ఒక్కదానిలో తప్పినా మిగతావన్నీ అబద్ధమవుతాయి అని ఏటేటా చెప్పేవాడు.

ఆ శాఖ వెనకాల వాడకంలో లేని డ్రాయింగు హాలు ఒకటుంది. శాఖాధిపతి అరుంధతి మేడమ్ మెత్తని మనిషి. ఆవిడ సరేనంటే ఇన్నయ్య ఆ హాలులో బల్లలు కలిపి వేసుకుని కొన్నేళ్ళుగా ఒక రైలుమార్గం నమూనా కడుతున్నాడు. అది పెద్ద రైలు కాదు. ఒకప్పుడు నిజామాబాదు దిక్కున పొలాల్లోంచి ఒక చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు మోసిన చిన్న రైలు. పట్టాల మధ్య రెండున్నర అడుగుల ఎడం, అంతే. ఫ్యాక్టరీ మూతపడింది, పట్టాలు తుక్కు కింద అమ్ముడుపోయాయి. అది నడిచిన దారి ఇదీ అని చూపించడానికి అక్కడ మట్టికట్ట కూడా మిగల్లేదు. ఇన్నయ్య తండ్రి లింబయ్య ఆ రైలింజనుకు డ్రైవరు.

నమూనాకు పెట్టుకున్న కొలత అడుగుకు పావు అంగుళం. నిజంలో అడుగున్నది బల్ల మీద పావు అంగుళం అవుతుంది. బొమ్మరైళ్ళకు దొరికే పట్టాలే ఈ లెక్కకు ఇంచుమించు సరిపోయాయి. ఇంజనును పాత డ్రాయింగు ఒకటి సంపాదించి, దాని ప్రకారం రేకుతో తానే చేసుకున్నాడు. తంటా అంతా పక్కన పెట్టేవాటితో వచ్చింది. కోఠీలో ఒక బొమ్మలారీ ముచ్చటగా కనిపిస్తే కొనుక్కొచ్చి పట్టాల పక్కన పెట్టాడు. పెట్టగానే ఇంజను కాస్తా జాతరలో అమ్మే ఆటవస్తువైపోయింది. బొమ్మలు చేసేవాళ్ళు కారునైనా లారీనైనా ఒకే డబ్బాలో పట్టేటట్టు చేస్తారు గానీ ఒకే కొలతకు చేయరు. లారీ తీసేసి, కొలత ప్రకారం ఎడ్లబండి చేసి పెట్టాడు. బండి చక్రం ఇంజను చక్రానికి రెట్టింపు ఎత్తు వచ్చింది. నిజంలోనూ అంతే, అంత చిన్న రైలది. అలాంటి రైలు ఎంతటిదో చూసేవాడికి నమ్మకంగా చెప్పగలిగేది దాని పక్కన నిలబడ్డ మనిషొక్కడే.

ఆ మనిషి బొమ్మను కూడా ఇన్నయ్య చేసి పెట్టుకున్నాడు. రాగితీగ మీద ఎం-సీల్ ముద్ద అద్ది, సూదిమొనతో కనుముక్కు తీర్చి, ఖాకీ రంగు వేశాడు. అది లింబయ్య. అంగుళమున్నర పొడుగు. అంటే ఆరడుగుల మనిషి.

ఆరడుగులని ఎవరు చెప్పారంటే, చెప్పింది ఆయన అవ్వ, కన్నతల్లి. "తాడిచెట్టంత మనిషి, కన్ను నిలుపుకోలేకపోయిండు" అని ఆమె బతికినన్నాళ్ళూ అన్నది. ఇన్నయ్యకు కూడా అలాగే గుర్తు. తండ్రి భుజాల మీద కూర్చుంటే ఇంటి వాసాలు చేతికందేవి. పైగా ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫోటోలో లింబయ్య ఇంజను పక్కన నిలబడి ఉంటే, తల దాదాపు ఇంజను కప్పు అంచు దాకా వచ్చింది. కాళ్ళ దగ్గర చెరుకాకు కుప్పలు అడ్డమున్నాయి గానీ, అంత ఎత్తున తల ఉన్నవాడు ఆరడుగులు ఉండక ఏం చేస్తాడు?

కన్ను నిలుపుకోలేకపోవడం సంగతి ఇది. ఇన్నయ్య రెండో తరగతిలో ఉన్న ఏడు, చెరుకు సీజనులో, వాళ్ళ ఎదురింటి పిల్ల పోశవ్వ పట్టాల మీద రాలిన చెరుకుముక్కలు ఏరుకుంటోంది. మలుపు తిరిగి వచ్చిన రైలు ఆ పిల్ల మీదినుంచి పోయింది. పట్టపగలు. బ్రేకు వేసిన జాడ లేదు, కూత వేసిన జాడ లేదు. ఫ్యాక్టరీవాళ్ళు పిలిచి అడిగితే లింబయ్య, "కన్నంటుకున్నది దొరా" అన్నాడట. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదట. ఉద్యోగం పోయింది. ఎదురింటివాళ్ళు కొట్టలేదు, తిట్టలేదు, ఆ వాకిట్లోంచి ఇటు చూస్తూ కూర్చునేవారు. లింబయ్య కల్లుకు మరిగాడు, మరుసటి వానాకాలం దాటలేదు. అవ్వ కొడుకును వెంటబెట్టుకుని పట్నం వచ్చి యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి కుదిరింది. ఇన్నయ్య ఆ హాస్టలు వంటింటి వెనక పెరిగి, ఆ క్యాంపస్‌లోనే చదివి, అక్కడే పాఠాలు చెప్పాడు.

నిద్రంటే బెదురు అక్కడ పుట్టింది. దాన్ని తనలోనే దాచుకుని ఉంటే ఎవరికీ నష్టం లేకపోయేది. కానీ ఒక రోజు అది బయటికొచ్చి కూతురికి తగిలింది.

ఆయనకు శిరీష ఒక్కతే కూతురు. నర్సింగు చదివి, ఒక ప్రైవేటు దవాఖానలో చేసేది. ముషీరాబాద్‌లో స్టేషనరీ దుకాణం ఉన్నవాళ్ళ అబ్బాయి దయాకర్‌కు ఇచ్చి చేశారు. పెళ్ళైన కొత్తలో, నైట్ డ్యూటీ దిగి స్కూటీ మీద ఇంటికొస్తూ శిరీష డివైడరుకు కొట్టుకుంది. మణికట్టు విరిగింది. ఇన్నయ్య దవాఖానకు పరుగెత్తాడు. మంచం చుట్టూ అత్తగారు, మామగారు, దయాకర్ నిలబడి ఉన్నారు. కూతురు ఏదో చెప్పబోయింది. ఆయన గాభరాలో మాట అందుకుని, "నిద్ర వచ్చింటది. నాకు తెలుసు. మా రక్తంలనే ఉన్నదా నిద్ర. మా నాయిన గూడ గట్లనే ఒక పిల్లను చంపిండు" అనేశాడు.

అన్నది ఒక్కసారే. కానీ ఆ మాటను అత్తగారు మూట కట్టుకుపోయింది. నైట్ డ్యూటీ వద్దన్నారు, తర్వాత అసలు ఉద్యోగమే వద్దన్నారు. "మీ నాయిననే చెప్పిండు కదా, మీది నిద్రమొద్దుల ఖాందాన్ అని. ఏ పేషెంటుకు ఏ సూది పొడుస్తవో, ఎందుకొచ్చిన లొల్లి." శిరీష దుకాణం గల్లా దగ్గర కూర్చుంది. పుట్టింటికి రాకపోకలు పలచబడ్డాయి. ఫోనులో తల్లితో మాట్లాడేది. తండ్రి తీసుకుంటే, "ఆఁ డాడీ, బాగున్న" అని అమ్మకిమ్మనేది.

తండ్రి ఇంజనులో పనిచేసిన భీమయ్య జాడ దొరకడం మాటల్లో మాటగా జరిగింది. నమూనాకు రేకు కోయించుకోవడానికి ఇన్నయ్య లాలాగూడలో ఒక దుకాణానికి పోయేవాడు. ఈ చిన్న ఇంజను ఎందుకు సారూ అని దుకాణందారు అడిగితే చెప్పాడు. అతను వింటూ వింటూ, "మా మామ గూడ గా రైల్లనే బొగ్గేసిండు. ఇప్పుడు బౌద్ధనగర్‌ల మా ఇంట్లనే ఉంటడు" అన్నాడు. లింబయ్య ఇంజనులో బొగ్గు వేసిన భీమయ్యే ఆయన. అప్పటికి మీసాలు వస్తున్న పిల్లగాడు, ఇప్పుడు చెవులు సరిగ్గా వినిపించని ముసలాయన.

ఒక ఆదివారం పొద్దున ఇన్నయ్య ఆటోలో వెళ్ళి ఆయన్ను క్యాంపస్‌కు తీసుకొచ్చాడు. డ్రాయింగు హాలులో లైట్లు వేసి, కుర్చీ జరిపి బల్ల ముందు కూర్చోబెట్టాడు. భీమయ్య వేలు తాకించకుండా ఇంజను చుట్టూ చూపు తిప్పాడు. తర్వాత మొహమంతా నవ్వైంది.

"గదే కొడుకా. అచ్చం గదే. గీ పైపు, గీ బొగ్గు డబ్బా, అన్ని గట్లనే ఉన్నయి." అని, పట్టాల పక్కన నిలబడ్డ ఖాకీ బొమ్మ మీదికి వంగాడు. "గీయన ఎవరు? ఓవర్సీరా?"

"గట్లంటవేంది కాకా. మా నాయిన."

"లింబన్ననా?" భీమయ్య తలెత్తాడు. "గింత ఎత్తు ఏడిది? లింబన్న నా భుజం కాడికి వస్తుండె. ఐదడుగులుంటే ఉన్నట్టు."

ఇన్నయ్య గోడకు ఆనించి ఉన్న ఫోటో తెచ్చి చూపించాడు. ముసలాయన దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరం పెట్టుకున్నాడు.

"పీట మీద నిలబడ్డడు కదా. చెరుకాకు అడ్డమొచ్చి నీకు కనబడతలేదు. ఫోటో దిగెతందుకు పీటను ఇంజిన్‌లకెల్లి కిందికి దించిందే నేను."

"ఏం పీట కాకా?"

"లింబన్న పీట. గీ క్యాబ్‌ల పెట్టుకుంటుండె." డ్రైవరు నిలబడే గూటిని చూపించాడు. "అది లేకుంటే ఆయన కండ్లు గీ అద్దం కాడికి రావు. పీటెక్కితే పట్టా అంత కనబడుతది, లేకుంటే పక్కకు తల బయటపెట్టి చూసుడే. పక్కకు చూస్తే ఒక్క దిక్కే కనబడుతది. గదే పొట్టోని తిప్పలు అని నవ్వుతుండె."

"ఆ పీట తర్వాత ఏమైంది?"

"పొయ్యిల పడ్డది." భీమయ్యకు ఆ సంగతి తలచుకోగానే మళ్ళీ నవ్వొచ్చింది. "కొత్తగ ఒక ఓవర్సీర్ వచ్చిండు. ఇంజిన్‌ల కట్టెసామాను ఉండొద్దు, తీసి పారేయుండ్రి అన్నడు. నాకు గూడ బొగ్గెత్తెటప్పుడు పారకు తగులుతుండె. ఎత్తి పొయ్యిల ఏసిన. లింబన్న ఏమన్లే. మంచిగ కాలింది, మోదుగు చెక్క."

"ఎప్పుడు కాకా? ఏ యేడు?"

"గదే, ఆఖరు సీజన్ల. గా పిల్ల ముచ్చట అయింది చూడు, దానికి ముంగట."

అని ఆయన ఇంజను వెనక తగిలించిన చెరుకు బండ్ల వైపు తిరిగి, "వీటికి గొలుసులు ఇంకా పెట్టలేదా?" అని అడిగాడు. ఆ రెండు సంగతులనూ ఆయన ఇన్నేళ్ళలో ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూసినట్టు లేదు. ఇన్నయ్య గొలుసులు పెట్టలేదన్నాడు. పెడతానన్నాడు. ఇంకేదో కూడా అన్నాడు, ఏమన్నాడో తర్వాత గుర్తు రాలేదు. ముసలాయనను జాగ్రత్తగా ఆటో ఎక్కించి బౌద్ధనగర్‌లో దింపి వచ్చాడు.

ఆ వారమంతా కాలేజీ అయిపోగానే హాలుకు పోయి ఆయన కొత్త బొమ్మ చేశాడు. అంగుళంబావు. పాతదానికీ దీనికీ తేడా పావు అంగుళం. రంగు ఆరాక దాన్ని చిన్న పట్టకారుతో పట్టి క్యాబ్‌లో, బ్రేకు దగ్గర నిలబెట్టాడు. మోకాళ్ళ మీద వంగి, పట్టాల ఎత్తుకు తల దించి, ఎదురుగా వచ్చే మనిషి చూసినట్టు ఇంజను వైపు చూశాడు. ముందు అద్దంలో ఎవరూ లేరు. ఖాళీ. బొమ్మ నెత్తి కూడా అందులోకి రాలేదు.

అగ్గిపుల్ల విరిచి, ఆ ముక్క బొమ్మ కాళ్ళ కింద పెట్టాడు. అద్దంలో రెండు కళ్ళు కనబడ్డాయి. పుల్ల తీశాడు. కళ్ళు పోయాయి. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. మలుపు ఎడమకు తిరిగే చోట ఇంజనును నిలిపి చూశాడు. డ్రైవరు నిలబడే కుడి పక్కనుంచి ఎంత తల బయటపెట్టినా ఆ మలుపు మీద ఉన్నదేదీ కనబడదు. అక్కడ ఒక పిల్ల వంగి చెరుకుముక్క తీసుకుంటుంటే అసలే కనబడదు.

నిద్రపోయిన మనిషి కాదు. కళ్ళు తెరుచుకునే ఉండి, ఏమీ కనబడక, పట్టా ఖాళీగా ఉందనుకుని పోయిన మనిషి.

మరి కన్నంటుకున్నదని ఎందుకు ఒప్పుకున్నాడు? ఇన్నయ్య ఆ బల్ల దగ్గర కూర్చుని అదే ఆలోచించాడు. కనబడలేదు దొరా అంటే, కనబడనివాడివి ఇంజను ఎందుకెక్కావంటారు. పీట ఏమైందంటే భీమయ్య పేరు చెప్పాలి, మీసాలు వస్తున్న పిల్లగాడి అన్నం పోతుంది. లేదా పొట్టివాడినని పదిమందిలో చెప్పుకోవడం సిగ్గనిపించిందేమో. ఇవేవీ కాకపోవచ్చు కూడా. ఆ పిల్ల చచ్చిపోయిందని తెలిశాక, ఏమడిగితే దానికి తలూపాడేమో. అడగడానికి ఆయన లేడు. చెప్పడానికి అవ్వ లేదు. ఎదురింటివాళ్ళు ఎప్పుడో ఊరు విడిచి ఎటో పోయారు.

ఇంటికొచ్చి భార్య సారలమ్మకు చెప్పాడు. ఆమె పొయ్యి మీది గిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుని, మొదటినుంచి చివరిదాకా విన్నది.

"ఇప్పుడేం చేస్తవు?" అంది.

"ఏం చేయాల్నో సమజైతలేదు."

"ముందుగాల శిరీషకు చెప్పు. గా రక్తం ముచ్చట నువ్వే కదా అన్నది. గది నువ్వే తీసెయ్యాలె."

"నేను చెప్తే నమ్ముతరా? భీమయ్య కాకను తీసుకపోత. ఆయన నోటితోని చెప్పిస్త."

రెండు రోజులు ఆగి బౌద్ధనగర్ పోయాడు. తలుపు తీసింది భీమయ్య కూతురు. ఆమె మొహం చూడగానే ఏదో జరిగిందని తెలిసింది. "మొన్న బాత్రూంల పడ్డడన్నా. పక్షవాతం అన్నరు. మాట పోయింది" అంది. మంచం మీద భీమయ్య ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు. ఇన్నయ్యను చూసి కళ్ళు మెదిలాయి. ఇన్నయ్య మంచం పట్టె మీద కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, "కాకా, మా నాయిన పీట ముచ్చట మా బిడ్డకు చెప్పాలె. ఒక్కసారి" అన్నాడు. చేత్తో నేలకు ఇంత ఎత్తని చూపించాడు. ముసలాయన వంకర తిరిగిన మూతితోనే నవ్వాడు. ఆ నవ్వులో అర్థమైన గుర్తు ఉందో లేదో ఇన్నయ్యకు తేల్చుకోవడం చేతకాలేదు. గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. కూతురు గిన్నెతో జావ తీసుకొచ్చి, "తినిపియ్యాలన్నా, టైమైంది" అంటే లేచి వచ్చేశాడు.

ఇక ఒక్కడే ముషీరాబాద్ పోయాడు. మధ్యాహ్నం, దుకాణంలో రద్దీ లేదు. శిరీష గల్లా వెనక కూర్చుని పెన్నుల డబ్బాలు సర్దుతోంది. మునుపటికంటే ఒళ్ళు చేసింది, కళ్ళ కింద నలుపు పట్టింది. తండ్రిని చూసి స్టూలు జరిపింది.

"అమ్మ బాగుందా?"

"బాగుంది. నీకొకటి చెప్పాలని వచ్చిన."

ఆయన చెప్పాడు. పాఠం చెప్పడం అలవాటైన నోరు గనక వరసగానే చెప్పాడు. ఫోటో, పీట, పొయ్యి, అద్దం, మలుపు. శిరీష డబ్బాల మీది చేతులు తీయలేదు గానీ సర్దడం ఆపింది.

"తాత నిద్రపోలే బిడ్డా. మన రక్తంల ఏం లేదు. నేనన్నది తప్పు."

ఆమె చేతిలోని డబ్బాకు మూత పెట్టింది.

"నేను గూడ నిద్రపోలే డాడీ" అంది.

ఇన్నయ్యకు ఒక్క క్షణం ఆ మాట అందలేదు.

"కుక్క అడ్డమొచ్చింది. దాన్ని తప్పియ్యబోయిన. ఆ రోజు దవాఖానల నువ్వు రాకముందే వీళ్ళకు చెప్పిన, నమ్మిన్రు. నువ్వొచ్చినవు, నీకు గూడ చెప్పబోయిన. నువ్వు తాత ముచ్చట ఎత్తినవు. ఇగ కన్నతండ్రే చెప్పినంక, నా మాట ఎవరింటరు?"

"మళ్ళ ఎందుకు చెప్పలేదు నాకు?"

"ఎన్నిసార్లు చెప్పాలె?" గొంతు పెంచలేదు. అలసిపోయినట్టు అంది. "అత్తమ్మకు చెప్పిన, తప్పు కప్పిపెట్టుకుంటున్నవ్ అన్నది. ఆయనకు చెప్పిన, పోనీ తియ్ అన్నడు. ఒక్కోసారి నాకే డౌట్ వస్తుండె, నిజంగ నిద్రపోయిన్నా ఏంది అని."

"నేను లోపలికి పోయి మీ అత్తమ్మకు చెప్త. ఇప్పుడే చెప్త."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"చెప్పినా ఏమైతది? ఆ పని చేసి ఎన్నేండ్లైంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోలే. నరం దొరకబట్టుడు గూడ మర్చిపోయిన. ఇప్పుడు నువ్వు పోయి పీట, ఇంజన్ అని చెప్తే ఆమె నవ్వుతది. నవ్వి, సీరియల్ పెట్టుకుంటది."

అయినా ఇన్నయ్య ఆగలేక లోపలికి వెళ్ళాడు. వియ్యపురాలు టీవీ ముందు కూర్చుని ఉంది, ఆయనను చూసి మర్యాదగా లేచింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. మొదటినుంచి కాక మధ్యనుంచి మొదలైంది, పీట దగ్గర తడబడ్డాడు, ఇంజను దగ్గర మాట పోగొట్టుకున్నాడు. ఆమె ఓపిగ్గా విని, "పాపం, గవన్నీ ఎప్పటి ముచ్చట్లన్నా. మేము శిరీషను ఏమంటలేము కదా, మంచిగనే చూసుకుంటున్నం. కూసో, చాయ్ తాగి పో" అంది. చాయ్ వచ్చింది. తాగాడు. బయటికి వచ్చేసరికి దుకాణంలో ఎవరో పిల్లల తల్లి చార్టులు అడుగుతోంది, శిరీష నిచ్చెనెక్కి పై అరలోంచి తీస్తోంది. "పోతున్న బిడ్డా" అంటే, అటు తిరగకుండానే, "మంచిది డాడీ" అంది.

తార్నాక బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. తన తండ్రి చెప్పలేదు కాబట్టి ఎవరూ వినలేదు. ఈ కూతురు చెప్పింది, తాను వినలేదు. ఈ రెండిట్లో ఏది పెద్ద తప్పో ఆయనకు కొలత అందలేదు. విద్యానగర్ దాటేదాకా అదే తిప్పి తిప్పి చూసుకుని, తర్వాత అదీ మానేశాడు.

ఫిబ్రవరిలో శాఖవాళ్ళు బడిపిల్లలను పిలిచి ప్రదర్శన పెట్టారు. అరుంధతి మేడమ్ చిన్న రైలును అందులో ముఖ్యంగా పెట్టించింది. ఆ ఏడాదితో ఇన్నయ్యకు వయసు దాటిపోతోందని, కాంట్రాక్టు ఇక పొడిగించరని ఆవిడకు తెలుసు. వెళ్ళిపోయే ముందు ఆయనకొక మంచి రోజు ఉండాలని ఆవిడ ఆశ. ఆయన వచ్చేసరికి బల్ల చుట్టూ తెల్లగుడ్డ కట్టి, బోర్డు మీద ఆయన పేరు రాయించి, ఇంజను పక్కన పొడుగు బొమ్మను నిలబెట్టి ఉంది. దాన్ని ఆయన కొత్త బొమ్మ చేసినప్పుడే తీసి కిటికీలో పెట్టేశాడు. ఆవిడ మళ్ళీ తెచ్చి పెట్టింది.

"ఇది తీసేశాను మేడమ్. అసలు డ్రైవరు క్యాబ్‌లో ఉన్నాడు" అన్నాడు.

"కనిపించట్లేదు కదండీ ఇన్నయ్య గారూ. పిల్లలొచ్చి డ్రైవరేడీ అని అడుగుతారు. ఈయన చక్కగా, దర్జాగా ఉన్నాడు. ఉండనివ్వండి."

"ఇది తప్పు కొలత మేడమ్."

"ఎంత తప్పు?"

"పావు అంగుళం."

ఆవిడ నవ్వింది. ఎగతాళి లేదు ఆ నవ్వులో, ఆయన మీద అభిమానమే ఉంది. "పావు అంగుళం ఎవరికి తెలుస్తుంది చెప్పండి?" అంది.

ఆయన నోరు తెరిచాడు. చెప్పాలంటే పీట దగ్గర మొదలుపెట్టాలి. ముషీరాబాద్‌లో వియ్యపురాలి ఎదుట ఆ మాటలు తన నోట్లోంచి ఎట్లా పడ్డాయో గుర్తొచ్చింది. బయట బడిబస్సు ఆగింది, పిల్లల గోల వరండా దాకా వచ్చింది. "సరే మేడమ్" అన్నాడు.

పిల్లలు గుంపులుగా వచ్చి చూశారు. రైలు తిరిగింది. ఖాకీ బట్టల పొడుగాటి డ్రైవరు పక్కన చెయ్యి పెట్టి ఫోటోలు దిగారు. శిరీషకు రమ్మని తల్లి ఫోను చేసింది. దుకాణం వదిలి రావడం కుదరదని చెప్పింది.

ఎండలు ముదిరాక ఇన్నయ్య ఉద్యోగం అయిపోయింది. అద్దె ఇంట్లో ఆ బల్లలు పట్టవు కాబట్టి నమూనా ఆ హాలులోనే ఉండిపోయింది. క్యాబ్‌లోని బొమ్మను ఎవరూ తీయలేదు, అది ఉందని ఎవరికీ తెలియదు. వానాకాలం మొదట్లో భీమయ్య పోతే ఇన్నయ్య బన్సీలాల్‌పేట శ్మశానం దాకా వెంట నడిచాడు. తిరిగొచ్చి స్నానం చేసి, సారలమ్మ వడ్డిస్తే తిన్నాడు.

"శిరీష ఫోన్ చేసిందా?" అని అడిగాడు.

"చేసింది. బాగున్నరా అని అడిగింది."

"నన్నా?"

సారలమ్మ కొంచెం ఆగి, "ఇద్దర్ని" అంది. ఆ ఆగడంలోనే ఆయనకు సంగతి తెలిసింది. మజ్జిగ పోయమని కంచం ముందుకు జరిపాడు.